గ్రాఫిక్స్ కోసం ఎదురుచూపు

రాజకీయాలు తప్ప మరొకటి ఇక్కడ చదవడానికి అలవాటుపడని మిత్రులు ఈ ఒక్కసారికి మన్నించాలి. నేను మే నెల 19వ తేదీ కోసం ఎదురుచూస్తున్నాను. ఆ నెలకు పశ్చిమ బెంగాల్‌లో కొత్త శాసనసభ కొలువుదీరవలసి ఉన్నది గనుక, విలేఖరి ఎదురుచూపు అందుకోసమేనని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. ఆ రోజున ఒక కార్ల పందెపు వీడియో గేమ్ విడుదల కానున్నది. పేరు ఫోర్జా హొరైజన్ 6. ఇంగ్లండులోని లీమింగ్టన్ స్పా అనే చిన్న పట్టణంలో ప్లేగ్రౌండ్ గేమ్స్ అనే సంస్థ దీనిని తయారుచేస్తున్నది. మైక్రోసాఫ్ట్ విడుదల చేస్తున్నది. మొదట ఎక్స్‌బాక్స్ మీద, కంప్యూటర్ల మీద, తరువాత ఈ ఏడాదిలోనే ప్లేస్టేషన్ మీద.

ఈ ముచ్చట నాకు షాలిమార్‌లో అంటుకున్నది. షాలిమార్ అనగానే మొఘలుల తోటలు తలపునకు రావచ్చు గాని, మన తెలుగువారికి అది రైలు పెట్టె మీది పేరు. హైదరాబాదులో పొద్దున బయలుదేరిన ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ చివరకు చేరేది అక్కడికే. కోల్‌కతా అని చెప్పుకోవడమే గాని, స్టేషను నిజానికి హుగ్లీ నదికి పడమటి గట్టున, హావ్‌డా వైపున ఉన్నది. ఒక పక్క గూడ్సు యార్డు, కొద్ది దూరంలో 1787లో నెలకొల్పిన బొటానికల్ గార్డెన్, మరొక పక్క నది మీద విద్యాసాగర్ సేతువు. ఆ సేతువు దిగగానే ముఖ్యమంత్రి కూర్చునే నబన్న భవనం. నాబోటివారికి అటువైపు పని ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది.

జనవరి చివరి వారంలో నేను అక్కడికి వెళ్లింది ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మీద రాయడానికి. డిసెంబరు 16న వెలువడిన ముసాయిదాలో ఆ రాష్ట్రంలో 58 లక్షలకు పైగా పేర్లు తొలగిపోయాయి. తుది జాబితా ఇంకా రావలసి ఉన్నది. రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుండి, విజయనగరం నుండి తరతరాలుగా ఖరగ్‌పూర్‌కు, ఇటు షాలిమార్‌కు వలసవచ్చిన మన కుటుంబాలలో పాత జాబితాలు వెదుక్కునే పని ముమ్మరంగా సాగుతున్నది. మా అక్క కాపురం అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. పగలంతా తాతల పేర్లు, బదిలీ కాగితాలు, ఊళ్ల పేర్లలో తప్పొప్పులు విని సాయంత్రం ఇల్లు చేరితే, మేనల్లుడు ఫోను నా చేతిలో పెట్టాడు.

“చూడు మావయ్యా, టోక్యో!”

జనవరి 22న ఆ సంస్థవారు చూపిన దృశ్యం అది. తెరమీద వాన వెలిసిన రాత్రి. నల్లని దారి మీద దుకాణాల దీపాలు పొడవుగా సాగి, కారు కదిలినకొద్దీ విరిగి మళ్లీ అతుక్కుంటున్నాయి. తరువాత కొండదారి, మలుపు మలుపుకూ చెర్రీ పూరేకులు గాలికి లేచి అద్దానికి తాకుతున్నాయి. అటుపిమ్మట మంచు. అన్నిటికీ వెనుక ఫ్యూజీ పర్వతం. మావాడు దానిని అప్పటికి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. నేను నాలుగుసార్లు చూశాను. నాలుగవసారి నేనే అడిగి చూశాను.

నాకు ఈ కొండ కొత్తది కాదు. 1982లో నామ్‌కో సంస్థ పోల్ పొజిషన్ అనే ఆట చేసింది. నాణెం వేసి ఆడే పెట్టె. అందులోని పందెపు బాట జపానులోని ఫ్యూజీ స్పీడ్‌వే. దూరాన నాలుగైదు రంగులలో గీసిన ఒక ముక్కోణం ఉండేది, అదే ఫ్యూజీ పర్వతం. అప్పటివారి కంటికి అది అద్భుతం. నలభై నాలుగేళ్ల తరువాత అదే కొండ మీద మేఘపు నీడ నడుస్తున్నది. మా తరానికి ఈ పిచ్చి పట్టించింది మాత్రం రోడ్ రాష్. తొంభైల చివరలో తెలుగునాట ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడినవారు ఈ పాఠకులలో తప్పక ఉంటారు. పక్కవాడిని గొలుసుతో కొట్టి ముందుకుపోవడం, పోలీసు పట్టుకుంటే జరిమానా చెల్లించి మళ్లీ బయలుదేరడం. రాజకీయ విలేఖరికి అంతకన్న శిక్షణ అక్కరలేదు.

ఈ తరహాను ఆర్కేడ్ పందెం అంటారు. కారు బరువు, టైరు వేడి, బ్రేకు దూరం లెక్కపెట్టి నిజాన్ని అనుకరించే ఆటలు వేరే ఉన్నాయి. ఇక్కడ నిజం నియమం కాదు. పూర్తి వేగంలో హ్యాండ్‌బ్రేకు లాగి మలుపు తిరిగితే బయట ఆసుపత్రి పాలవుతాము. ఇక్కడ మార్కులు పడతాయి. కంచెలు విరుచుకొని పొలాలలోకి దూకవచ్చు. అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది ఒక మీట. కారు గోడకు గుద్దుకుంటే ఆ మీట నొక్కగానే కాలం వెనక్కు నడుస్తుంది. ముక్కలు అతుక్కుంటాయి, కారు మలుపుకు ముందుకు వచ్చి నిలుస్తుంది, మళ్లీ తిప్పుకోవచ్చు.

ఆ మీట గురించి మావాడు ఉత్సాహంగా చెబుతుండగా, పక్కన చపాతీ తింటున్న మా బావగారు ఏమీ అనలేదు. ఆయన రైల్వే మనిషి. 2023 జూన్ 2న మధ్యాహ్నం కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది ఈ షాలిమార్ స్టేషను నుండే. సాయంత్రం ఏడుగంటల ప్రాంతంలో, బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో, ప్రధాన మార్గంలో పోవలసిన బండి లూప్ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న ఇనుప ఖనిజపు గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ వైరింగు పనులలో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. వేగం డ్రైవరు చేతిలో ఉన్నదే గాని, దారి ఆయన చేతిలో లేదు. బావగారు చేయి కడుక్కొని వచ్చి, “ఏం బావా, నువ్వు కూడా ఆడతావా?” అని మాత్రం అడిగారు. ఆడతానన్నాను.

ఆడతాను కూడా. వేగం కోరిక తప్పేమీ కాదు. ఇక ఇరుగుపొరుగులో ఒక పెద్దాయనకు వచ్చిన సందేహం తీర్చవలసి వచ్చింది: ప్రభుత్వం ఆటలన్నీ నిషేధించింది కదా అని. నిరుడు ఆగస్టులో పార్లమెంటు రెండు రోజులలో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పందేల ఆటలను. కొనుక్కొని ఆడే ఆట, పోటీలుగా సాగే ఈ-స్పోర్ట్స్ ఆ నిషేధం పరిధిలోకి రావు. రెండు సభలలోనూ చర్చ సరిగా జరిగి ఉంటే ఆ పెద్దాయనకు ఈపాటికి తెలిసి ఉండేదేమో.

అసలు నేను రాయదలచినది ఒక మాట గురించి. గ్రాఫిక్స్. ప్రపంచంలో మిగిలినచోట్ల అది సాంకేతిక పదం. తెలుగు రాజకీయాలలో అది తిట్టు. అమరావతి కథ అందరికీ తెలిసినదే. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన. రైతుల నుండి 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణ. లండనులోని ఫోస్టర్ సంస్థ గీసిన భవనాల చిత్రాలు, సలహాలకు బాహుబలి దర్శకుడు. ప్రతిపక్షం దానిని ఒక్క మాటలో కొట్టిపారేసింది: అంతా గ్రాఫిక్స్. ఆ మాట ఓట్లు తెచ్చింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. భూములిచ్చిన రైతులు ఏళ్ల తరబడి శిబిరాలలో కూర్చున్నారు. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు. మళ్లీ కొత్త చిత్రాలు. ఈ పదేళ్లలో చిత్రాన్ని నమ్మినవారు ఉన్నారు, వెక్కిరించినవారు ఉన్నారు. చిత్రం చూపి ఓటు అడిగినవారూ, చిత్రాన్ని తిట్టి ఓటు అడిగినవారూ ఎప్పటికి ఏది సిద్ధమవుతుందో, కాకపోతే ఎవరు జవాబుదారులో రాసివ్వలేదు.

నా మేనల్లుడు చూస్తున్న చిత్రానికీ మోసపు చరిత్ర లేకపోలేదు. 2005లో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సోనీ సంస్థ మోటర్‌స్టార్మ్ అనే పందెపు ఆటను చూపింది. బురద చిమ్ముతూ దూసుకుపోయే ఆ బళ్లను చూసి జనం నోరు తెరిచారు. అది ఆట కాదు, ఆట ఇలా ఉండాలని ముందుగా వండిపెట్టిన బొమ్మ. మరుసటి ఏడు ఆట వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం కుర్రవాళ్లకు అప్పటినుండే అలవాటయింది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 పాత ప్లేస్టేషన్ల మీద నడవలేక కుప్పకూలితే, సోనీ దానిని తన దుకాణం నుండి తీసివేసి కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చింది. స్టీమ్ అనే దుకాణంలో కొన్న ఆటను 14 రోజులలోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే, కారణం ఏదైనా తిరిగి ఇవ్వవచ్చు.

అందుచేత మావాడి ఎదురుచూపు అమాయకమైనది కాదు. ట్రెయిలరులో ఏది ఆట నుండి తీసినది, ఏది అలంకారం అని తమ్ముడికి విడమరచి చెబుతున్నాడు. ఈ నీడ ఎక్స్‌బాక్స్‌లో ఉండదు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే అంటాడు. విడుదలైన రోజున ముందుగా కొనడట; ఇతరులు ఆడిన వీడియోలు చూసి, తన పాత కంప్యూటరు మోయగలదని తేలితేనే కొంటాడట. పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒక బొమ్మను ఇంత జాగ్రత్తగా పరీక్షించడం చూసి నాకు ముచ్చటవేసింది, కొంత అసూయ కూడా కలిగింది. ఆ కుర్రవాడికి ఈ ఏడాది మొదటి ఓటు. జాబితాలో పేరు నిలిస్తే.

ఈ ఆటల వరుసలో 2012లో అమెరికాలోని కొలరాడో, తరువాత ఫ్రాన్సు–ఇటలీ, ఆస్ట్రేలియా, బ్రిటన్, 2021లో మెక్సికో; ఇప్పుడు జపాను. మన దేశం ఎప్పుడు వస్తుందని మావాడు అడిగితే, “మన రోడ్ల మీద రోజూ ఆడుతున్నది అదే కదరా” అన్నారు బావగారు. నాకైతే అరకు ఘాటు దారి ఒకసారి ఆ వెలుతురులో చూడాలని ఉన్నది. కాని ఒక సంకోచం. ఈ ఆటలలో దేశం అందంగా ఉంటుంది, మనుషులు దాదాపుగా ఉండరు. ఉన్నవారు కంచె వెనుక నిలబడి చేతులు ఊపుతారు. ఏ దారీ ఎవరి పొలం మీదుగానూ పోదు.

అసలు జపానులో దారులు అలా పడలేదు. టోక్యోకు కొత్త విమానాశ్రయం కోసం 1966లో నరితా దగ్గర సాన్రిజుకా పొలాలను ఎంచుకున్నారు; రైతులు, విద్యార్థులు కలిసి పన్నెండేళ్లు పోరాడారు, రెండు వైపులా ప్రాణాలు పోయాయి, 1978లో గాని విమానం ఎగరలేదు. షాలిమార్ నుండి గంటన్నర దూరంలో సింగూరు ఉన్నది. ఒక చిన్న కారు కోసం 2006లో సేకరించిన 997 ఎకరాలు. కారు గుజరాతుకు తరలిపోయింది, 34 ఏళ్ల ప్రభుత్వం కూలిపోయింది, 2016లో సుప్రీంకోర్టు ఆ సేకరణే చెల్లదన్నది. దుర్గాపూర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద నేటికీ ఆ పక్కగానే బళ్లు దూసుకుపోతుంటాయి. విద్యాసాగర్ సేతువుకు 1972లో పునాదిరాయి వేస్తే 1992లో తెరిచారు.

ఇదంతా చెప్పి మావాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాను. టోక్యో నడిబొడ్డున నిహోన్‌బాషి అని ఒక పాత వంతెన ఉన్నది. జపానులోని జాతీయ రహదారుల దూరాలను అక్కడినుండే కొలుస్తారు. 1964 ఒలింపిక్స్ హడావుడిలో, భూసేకరణ తలనొప్పి లేకుండా నదుల మీదుగా, కాలువల మీదుగా ఎత్తైన ఎక్స్‌ప్రెస్‌వే కట్టుకుపోయారు. 1963లో ఆ వంతెన నెత్తిమీద కూడా కట్టారు. అరవై ఏళ్లుగా ఆ వంతెనకు ఆకాశం లేదు. ఇప్పుడు ఆ దారిని భూమిలోకి దించే పని జరుగుతున్నది. సొరంగం 2035కు, పైనున్న దారి తొలగింపు 2040కి అని లెక్క.

మావాడు వెంటనే ట్రెయిలరు వెనక్కు తిప్పి, ఎత్తైన దారి కనబడిన ప్రతిచోటా ఆపి ఆపి వెదికాడు. వంతెన దొరకలేదు.

“ఆటలో ఉంటే మావయ్యా, దాని మీద రోడ్డు పెడతారంటావా, ఆకాశం పెడతారంటావా?”