కప్పున్న కారు, కప్పులేని కారు

బ్యాంకులో ముప్పై ఏళ్లుగా అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఏ జాబితా కనబడినా అడుగున కూడిక వేసి చూస్తాను. జర్మనీవారి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. లెక్కా అలాగే చూశాను. 1954 నుంచి 1957 దాకా పైకప్పుతో తయారైన కూపేలు 1,400. 1957 నుంచి 1963 దాకా కప్పు మడిచేసుకునే రోడ్‌స్టర్లు 1,858. వెరసి 3,258. పదేళ్లలో ఇంతేనా అనిపించింది.

అసలిది పందెం కారు. 1952లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో మొదటి రెండు స్థానాలూ గెలిచింది. న్యూయార్కులో కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ పట్టుబట్టడంతో అమ్మకానికి కూడా తయారుచేసి, 1954 ఫిబ్రవరిలో అక్కడే ప్రదర్శనకు పెట్టారు. సన్నని ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా అతికి చట్రం కట్టారు. బరువు తక్కువ, బలం ఎక్కువ. కానీ పక్కల గొట్టాలు బాగా ఎత్తుగా ఉండటంతో మామూలు తలుపుకు చోటు లేకపోయింది. అందుకే బందులు కప్పుకి వేసి, తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేచేలా చేశారు. చూడ్డానికి సొగసే! అద్దాలు కిందికి దిగవు కనుక లోపల మాత్రం ఉక్క. చీర కట్టుకున్న వారు ఆ గడప దాటి ఎలా ఎక్కేవారో ఊహించండి.

రోడ్‌స్టర్ చేయాలంటే ఆ కప్పు కోసేస్తే సరిపోలేదు. పక్క గొట్టాలు దించి, చట్రాన్ని మళ్లీ గట్టిపరచి, మామూలు తలుపులు పెట్టారు. వెనక ఇరుసు అమరికా మార్చారు. బరువు పెరిగింది.

ఈ లెక్కలన్నీ నేను చదవడానికి కారణం మా అబ్బాయి. మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది, మా నాన్నగారిది, మా షెడ్డులో ఉంది. "కప్పు తీయిద్దాం నాన్నా" అంటాడు. హెరాల్డుకు చట్రం వేరు, బాడీ వేరు. కప్పు బోల్టులతో బిగించిందే. బెంజివారు పడ్డ అవస్థ మాకు లేదు. మెకానిక్ సరేనన్నాడు. రూపం మార్చాలంటే ఆర్.టి.ఓ. వారు ఒప్పుకోవాలి, అది వేరే సంగతి.

అమ్మతో చెబితే, "మీ నాన్నగారు ఎండ తగలకుండా నన్ను గుడికి తీసుకెళ్లిన బండిరా అది" అని ఊరుకుంది. నాకు నాన్నగారి బండి మళ్లీ రోడ్డెక్కాలని ఉంది. కప్పు తీయకపోతే అబ్బాయి దాని మొహం చూడడు. అమ్మ నోటితో సరేననేదాకా బోల్టుల జోలికి వెళ్లొద్దని వాడితో చెప్పాను. ఈలోగా ఇంజను సంగతి చూడమన్నాను.