చదువునకు పెట్టిన ఖర్చు



పగలంతయు ఉద్యోగము చేసి, ఇల్లు చేరి నాలుగు మెతుకులు తిని, ఊరంతయు నిద్రించువేళ పుస్తకము తెరచు యౌవనస్థుడొకడు మీ సంఘములోను ఉండవచ్చును. స్త్రీయైనను కావచ్చును. అట్టివారిని చూచినప్పుడు మనము రెండే ప్రశ్నలడుగుదుము. ఉద్యోగముండగా ఇంకను ఈ చదువెందుకు అనునది మొదటిది. ఎప్పుడు పాసగుదువు అనునది రెండవది. మూడవ ప్రశ్న ఒకటి కలదు గాని దానిని అడుగువారు అరుదు. ఈ చదువునకగు ఖర్చును ఎవరు భరించుచున్నారు? నేడు మీతో ఆ ప్రశ్ననుగూర్చియే మాటలాడ గోరుచున్నాను.

మా సంఘములో అట్టి యౌవనస్థుడొకడున్నాడు. బి.కాం. ముగించి ఒక నూలు మిల్లులో లెక్కలు వ్రాయుచున్నాడు. అతనికి భార్యయు, మూడేండ్ల కుమార్తెయు కలరు. ఇల్లు ఒకటే గది. అతడు కాస్ట్ అకౌంటెంటు కావలెనని సీ.ఎం.ఏ. పరీక్షలకు చదువుచున్నాడు.

ఆ పేరు విననివారికొరకు కొంచెము వివరించెదను. సామాన్యమైన లెక్క ఎంత వచ్చినది, ఎంత పోయినది అని చెప్పును. కాస్ట్ అకౌంటెంటు ఒక వస్తువు తయారగుటకు నిజముగా ఎంత పట్టినదో తేల్చి చెప్పును. కిలో నూలు ఖర్చనగా దూది వెల మాత్రమే కాదు. కరెంటు, కూలి, యంత్రముల తరుగుదల, నూలు తీయునప్పుడు వ్యర్థమగు దూది, కావలివాని జీతము, ఇవన్నియు ఆ కిలోమీదికి పంచి వేయవలెను. అట్లు పంచని యజమాని లాభము వచ్చినదనుకొని నష్టమునకు అమ్ముకొనును. అందుచేతనే సిమెంటు, పంచదార, ఎరువులు, బట్టలు మొదలగు పరిశ్రమలలో 35 కోట్ల రూపాయలు గాని అంతకు మించి గాని వ్యాపారము చేయు కంపెనీలు ఇట్టి లెక్కలు వ్రాసి యుంచవలెనని 2014 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

ఈ పరీక్షలు జరుపు సంస్థ 1944లో పుట్టి, 1959 నాటి పార్లమెంటు చట్టముచే నిలువబడినది. దానికి కోల్‌కతాలో కార్యాలయము కలదు. చార్టర్డ్ అకౌంటెంటు కాగోరువాడు ఆడిటరు క్రింద పూర్తికాలము శిక్షణలో నుండవలెను. 2023లో వచ్చిన క్రొత్త పద్ధతిలో అది రెండేండ్లు. ఇల్లు గడుపవలసినవానికి అది కష్టము గనుక, మా యౌవనస్థుడు ఈ రెండవ త్రోవను పట్టెను. పట్టభద్రులకు మొదటి మెట్టు విడిచిపెట్టుదురు. తరువాత ఇంటర్మీడియెటులో ఎనిమిది పేపర్లు, ఫైనలులో ఎనిమిది పేపర్లు ఉన్నవి. నాలుగేసి పేపర్లు ఒక గ్రూపు. పేపరుకు మూడు గంటలు, 100 మార్కులు. ప్రశ్నపత్రము తెలుగులో రాదు. తెలుగు బడిలో చదివినవానికి అదియొక బరువు.

పరీక్షలు సంవత్సరమునకు రెండుమారులు, జూనులోను డిసెంబరులోను జరుగును. ఉద్యోగికి ఈ నెలలెట్టివో చూడుడి. మార్చి 31తో మిల్లు లెక్కలు ముగియును. ఏప్రిలు, మే నెలలంతయు వాటిని సరిచూచుటయే. అంతలో జూను వచ్చును. ఇక ప్రతి నెలయు జీయస్టీ రిటర్నులకు 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ మరియొక గడువు. పైగా చదివినది నిలువయుండదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో చేసిన క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 మొదలు అమలునకు వచ్చునట్లు ఏర్పరచిరి. ఇట్టి మార్పు వచ్చినప్పుడు, ఒకసారి తప్పినవాడు పాత పుస్తకము మూసి క్రొత్తది కొనవలెను.

ఈ పరీక్షలో ఒక నియమము కలదు. ప్రతి పేపరులోను 40 మార్కులు రావలెను. అది చాలదు. గ్రూపు మొత్తముమీద నూటికి 50 రావలెను. మా యౌవనస్థుడు మొదటి గ్రూపు రెండవసారి వ్రాసినప్పుడు అతనికి 48, 45, 51, 50 వచ్చినవి. ఏ పేపరులోను తప్పలేదు. అయినను మొత్తము 194 మాత్రమే. 200 కావలసియుండెను. ఆరు మార్కులకు గ్రూపంతయు పోయెను.

ఫలితము వచ్చిన సాయంకాలము అతడు పాస్టరు నివాసమునకు వచ్చి, “అయ్యగారూ, ఉద్యోగం మానేస్తాను. ఒక్క సంవత్సరం కూర్చుని చదివితే అయిపోతుంది. రోజుకు పది గంటలు మిల్లుకి ఇచ్చి మిగిలిన మెలకువతో చదివితే ఇలాగే ఆరు మార్కులకు పోతుంది” అనెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అలసిన కన్నులకు అక్షరములు నిలువవు. నేను అతనిని వారింపలేదు, ప్రోత్సహింపనులేదు. “రేపు మీ ఇంటికి వస్తాను బాబూ. అమ్మాయిని కూడా కూర్చోబెట్టి మాట్లాడుకుందాం” అంటిని.

మరునాడు వెళ్లితిని. అతడు నాకు తన లెక్క చూపెను. పరీక్ష రుసుములు, పుస్తకములు, విజయవాడకు పోయి వచ్చు ఖర్చులు, పరీక్ష దినములకు కోతపడిన జీతము, అన్నియు వరుసగా వ్రాసియున్నాడు. చక్కని దస్తూరి. నేను అతని భార్యను చూచి, “అమ్మా, ఇందులో ఏమన్నా మిగిలిపోయిందా?” అని అడిగితిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. గది మూలనున్న కుట్టుమిషను మీద దుప్పటి కప్పియుండెను. దానిపై పుస్తకములు పేర్చియున్నవి. ఆమె అటు చూచి, “మిషను చప్పుడైతే ఆయనకు చదువు సాగదండీ. పగలు పాపతో కుదరదు. రాత్రిపూటే కుట్టేదాన్ని. రెండేళ్లయింది మానేసి. జాకెట్లు ఇచ్చేవాళ్లు ఇప్పుడు వేరేచోట ఇస్తున్నారు” అనెను. ఫిర్యాదువలె అనలేదు. అడిగితిని గనుక చెప్పెను.

అతడు తలవంచుకొనెను. నేను, “బాబూ, చేతినుంచి రూపాయి బయటికి పోకపోయినా, రావలసిన రూపాయి రాకుండా పోతే, దాన్ని మీ పుస్తకాల్లో ఖర్చంటారా?” అంటిని. “అంటారయ్యగారూ. ఆపర్చునిటీ కాస్టు అంటారు” అనెను. ఆ మాట చెప్పుచుండగనే అతని కంఠము మారెను. కిలో నూలులో కావలివాని జీతమును కూడ వెదకి పట్టుకొనగలవాడు, తన గదిలోని మిషను మీద దుప్పటిని చూడలేదు. అతడు చెడ్డవాడు కాదు. తానే కష్టపడుచున్నానని నమ్మినవానికి ప్రక్కవారి కష్టము కనబడదు.

అప్పుడు ఆమె మరియొక మాట చెప్పెను. “చదవొద్దని నేననలేదండీ. ఉద్యోగం మానొద్దని కూడా అనను. ఎప్పటికి అయిపోతుందో చెప్పమనండి. ఆఖరిరోజు ఏదో తెలిస్తే ఎంత దూరమైనా నడుస్తాను. తెలియకుండా నడవడమే కష్టం.”

చదువరీ, అనేక సంవత్సరములుగా ప్రసంగములు వింటిని, చేసితిని. ఓర్పునుగూర్చి ఇంతకంటె సూటియైన మాట నేను వినలేదు.

ఆ రాత్రి ముగ్గురము పాత క్యాలెండరు కాగితము వెనుక మరియొక లెక్క వ్రాసితిమి. ఉద్యోగము మానినయెడల పండ్రెండు నెలల జీతము పోవును. ఆ సంవత్సరము పిమ్మట మరల ఉద్యోగము దొరకునను నమ్మకము లేదు. మిల్లులో చూచుచున్న పనియే పుస్తకములోని సగము పాఠములను అర్థము చేయించుచున్నదని అతడే ఒప్పుకొనెను. కనుక ఉద్యోగము నిలువవలెనని తేలెను. రాత్రి తొమ్మిది మొదలు పదునొకటివరకు అతడు మందిరపు ప్రక్కగదిలో చదువుకొనవలెను, ఇంటిలో మిషను మరల తిరుగవలెను అని నిశ్చయించితిమి. శనివారము సాయంకాలము పుస్తకము తెరవరాదు. అది పాపది. ఇంకను నాలుగు ప్రయత్నములు మాత్రమే అని వ్రాసి, నాలుగవ పరీక్ష నెలను క్రింద వేసి, ఇద్దరును సంతకము చేసిరి. అప్పటికి ముగిసినంతవరకు ముగిసినట్లు.

ప్రక్కగది సంగతి పెద్దలయొద్దకు వచ్చినప్పుడు అభ్యంతరములు కలిగెను. కరెంటు బిల్లు ఎవరు కట్టుదురని ఒకరడిగిరి. ఒకరికిచ్చిన రేపు పదిమంది అడుగుదురని మరియొకరనిరి. ప్రార్థన చేసికొను చోట డబ్బు లెక్కల పుస్తకములేమని వేరొకరనిరి. ఆ చివరి మాటకు నేనొక సంగతి చెప్పితిని. ప్రతి పద్దును రెండుచోట్ల వ్రాయు పద్ధతిని 1494లో వెనిస్ పట్టణములో ముద్రితమైన గణిత గ్రంథములో వివరించి చూపినవాడు లూకా పాసియోలీ అను సన్న్యాసి. అతడు ఫ్రాన్సిస్కను మఠమునకు చెందినవాడు. వ్యాపారులు అంతకుముందే ఆ పద్ధతిని వాడుచుండిరి. అతడు దానిని అందరికి తెలియునట్లు వ్రాసెను. భక్తికిని నిజమైన లెక్కకును విరోధము లేదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని మన ప్రభువు ఉపమానములో బోధించెను గదా! పదిమంది అడుగుదురన్నవారితో, “అడగనివ్వండి” అంటిని. కరెంటు ఖర్చును ఆ యౌవనస్థుడే నెలనెలా చెల్లించునట్లు ఒప్పుకొనిరి. ఇప్పుడు ఆ గదిలో అతనితో కూడ పదవ తరగతి పిల్లలిద్దరు చదువుకొనుచున్నారు.

డిసెంబరు వచ్చెను. అతడు ప్రతి సంవత్సరము మా క్రిస్మసు పాటల గుంపులో డోలకు వాయించువాడు. ఆ యేడు పరీక్షలు ముగియువరకు రాలేడని ముందుగా చెప్పెను. కొందరు ముఖము చిట్లించిరి. చివరి పేపరు వ్రాసి బస్సు దిగిన రాత్రియే గుంపులో కలిసెను. ఫిబ్రవరిలో ఫలితము వచ్చినప్పుడు ఆ గ్రూపు దాటియుండెను. మొత్తము 213. ఇంకను మూడు గ్రూపులున్నవి. కాగితములో ప్రయత్నములు మూడే మిగిలియున్నవి. దాటునో దాటడో నేనెరుగను. కాని ఆ ఇంటిలో ఇప్పుడు ఎవరి భాగము ఎంతయో ఇద్దరికిని తెలియును.

చదువుచున్న సహోదరుడా, సహోదరీ, నీ రుసుములు వ్రాసికొనునప్పుడు నీ తల్లి కాచిన టీని, నీ భర్త మోసిన నీళ్లను, నీ బిడ్డ నిద్రపోయిన తరువాత నీవు ఇల్లు చేరిన రాత్రులను కూడ వ్రాసికొనుము. అప్పును తీర్చుటకు మొదటి మెట్టు దానిని అప్పని ఒప్పుకొనుట. ముగియు దినమును ఇంటివారితో కలిసి నిర్ణయించుకొనుము. తప్పినయెడల మార్కులు దాచక చెప్పుము.

సంఘస్థులారా, ఎప్పుడు పాసగుదువని దారిలో నిలిపి అడుగుట మానుడి. అందుకు బదులు ఒక గది తాళపుచెవి ఇయ్యగలమా, పరీక్ష దినమున వారి పిల్లను మన ఇంట ఉంచుకొనగలమా అని ఆలోచించుడి. ఒకనాడు ఆ యింటిలో ఎవరైన పాసైనయెడల, మిఠాయి పంచువాని చేతిని మాత్రమే గాక, మిషను త్రొక్కిన పాదములను కూడ జ్ఞాపకము చేసికొనుడి.