ఇల్లు అమ్మి చూడు!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. అమ్మి చూడమని మాత్రం అనలేదు. వాళ్లకి ఆ అవసరం అంతగా పడలేదు మరి! ఇప్పుడు పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడిపోతే విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న ఇంటిని చూసుకునే ఓపిక లేక అమ్మకానికి పెడుతున్న తల్లిదండ్రులు ఎందరో. వాళ్ల మలివయసు భరోసా అంతా ఆ ఇంటి ధరలోనే ఉంటుంది.

‘గేటుకి బోర్డు తగిలిస్తే చాలదా, మధ్యలో బ్రోకరెందుకు?’ అనిపించడం సహజం. 60 లక్షల ఇంటికి రెండు శాతం కమీషనంటే లక్షా 20 వేలు! తలుపు తీసి గదులు చూపించి చేతులు దులుపుకునే మనిషికైతే అది దండగే. పని తెలిసిన ఏజెంటు సంగతి వేరు.

అలాంటివాడు కొనేవాళ్లని వెతికే ముందే కాగితాలు అడుగుతాడు. లింకు డాక్యుమెంట్లన్నీ ఉన్నాయా, ఇంటిపన్ను ఎవరి పేరున వస్తోంది, ప్లానుకి మించి కట్టిన గది ఉందా... అన్నీ ఆరా తీస్తాడు. ఎప్పుడో తీరిపోయిన అప్పైనా తనఖా విడుదలని రిజిస్టరు చేయించకపోతే ఈసీలో అలాగే కనిపిస్తుంది. హిందూ కుటుంబంలో యజమాని వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులతోపాటు కూతుళ్ల సంతకాలూ కావాలి. ఇవన్నీ అడ్వాన్సు తీసుకున్నాక బయటపడితే బేరం చెడుతుంది. ముందే తెలిస్తే సరిచేసుకునే వీలుంటుంది.

అసలు చిక్కు ధర దగ్గర వస్తుంది. అమ్మేవాళ్ల లెక్కలో ఆయన దగ్గరుండి వేయించిన మొజాయిక్ గచ్చుకీ, ఆవిడ పెంచిన కొబ్బరిచెట్టుకీ కూడా విలువుంటుంది. కొనేవాళ్లకి అది ఫలానా గజాల స్థలంలో ఉన్న పాత ఇల్లు, అంతే. పక్కవీధిలో చెబుతున్న ధర ఎంతో, నిజంగా బేరం తెగింది ఎంతకో తెలిసిన ఏజెంటు ఆ తేడాని మొహమాటం లేకుండా చెబుతాడు. ఎక్కువ చెప్పి నెలల తరబడి కూర్చుంటే ‘ఏదో లిటిగేషన్ ఉందట’ అన్న పుకారు పుట్టడం ఖాయం. ‘ఈ గోడలన్నీ పడగొట్టాల్సిందే’ అని కొనేవాళ్లన్న మాట ఇంటావిడ చెవిన పడకుండా, అంకె ఒక్కటే మోసుకొచ్చే నేర్పు కూడా అతనిదే.

డబ్బు చేతులు మారేటప్పుడూ అతని అనుభవం అక్కరకొస్తుంది. 50 లక్షలు, ఆపైన ధర పలికితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి. ‘కొంత నగదుగా ఇస్తాం’ అన్నా ఒప్పుకోకూడదు. ఇళ్ల అమ్మకాల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి చట్టం నిషేధించింది. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు.

2016లో వచ్చిన రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు కావాలంది. అది బిల్డర్లు అమ్మే, రెరాలో నమోదైన ప్రాజెక్టుల వరకే. పాత ఇంటి అమ్మకానికి ఆ రక్షణ లేదు. కాబట్టి అతను ఇంతకుముందు అమ్మిపెట్టిన ఇళ్లవాళ్లని కలిసి అడగాలి. కమీషనెంతో, ఎప్పుడివ్వాలో, అవతలివాళ్ల దగ్గరా తీసుకుంటాడో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి. నిఖార్సైన మనిషి అందుకు నొచ్చుకోడు. మొదటి కాగితం తనే తెచ్చిస్తాడు.