పొట్టేలు పిల్ల ఎవరిది?

గుత్తి కోటలో ఒకప్పుడు మురారిరావు గుర్రపుదళం ఉండేది. 1776లో హైదరాలీ ఆ కోటను పట్టుకున్నాడు. ఈ కథ విన్న పిల్లాడు గుర్రం కొనివ్వమంటాడు. కరవు సీమలో గుర్రానికి మేతా నీళ్లూ ఎక్కడివి? ఇవ్వగలిగితే పొట్టేలు పిల్లనివ్వాలి.

ఎప్పుడివ్వాలి? అయిదేళ్లకా, ఎనిమిదేళ్లకా? వయసుతో లెక్క కుదరదు. బడి నుంచి రాగానే, ఎవరూ గుర్తుచేయకుండా దొడ్లో నీళ్లతొట్టి చూసొచ్చే అలవాటైతే చాలు.

పెద్దలకూ ఒక పరీక్ష ఉంది. వానల్లేక వేరుశనగ కట్టె అయిపోతే పొట్టేలు సంతకు పోక తప్పదు. ఆ సంగతి ఇచ్చిన రోజే చెప్పాలి. 'నీదే' అని చేతికిచ్చి, వాడు బడిలో ఉండగా అమ్మేస్తే, ఆ తర్వాత ఇంట్లో ఎవరి మాటా నమ్మడు.