చక్రం అంచున ఇనుప బిళ్ల

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

తమ్ముడూ, గోల్డెన్ గేట్ వంతెన చూశాను, ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల అడవీ చూశాను. ఆ ఫొటోలు అమ్మాయి నీకు పంపే ఉంటుంది. నేను రాయబోయేది మాత్రం వేలెడంత వస్తువు గురించి. ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా టైర్ల షాపు నడుపుతున్నావు, నీకు కాక ఇంకెవరికి రాయను?

మొన్న అల్లుడుగారి కారుకు టైర్లు మార్పించడానికి వెళ్లాం. షాపులో కుర్రాడు చక్రాన్ని మిషనెక్కించి తిప్పాడు. తెర మీద అంకె పడింది. చక్రం సమంగా తిరిగేలా, ఆ అంకెకు సరిపడా రిమ్ము అంచుకు వెయిట్ తగిలించి సుత్తితో టక్కున కొట్టాడు. అంతా నీ షాపులో జరిగినట్టే. అడిగి ఒక వెయిట్ చేతిలోకి తీసుకున్నాను. అదే బరువున్న మన వెయిట్ కంటే కాస్త లావుగా ఉంది. గోరుతో గట్టిగా గీకినా గీత పడలేదు. క్లిప్పు తగలకుండా బిళ్ల వైపును నట్లు వేసుకునే అయస్కాంతపు పళ్లెం దగ్గరికి తీసుకెళ్లగానే టప్పున అతుక్కుపోయింది! సీసం అలా అతుక్కోదు కదా. తిప్పి చూస్తే క్లిప్పు మీద ఎఫ్ఈ అని రెండక్షరాలున్నాయి. అంటే ఇనుము.

ఈ రాష్ట్రంలో సీసపు వెయిట్లు తయారుచేసినా, అమ్మినా, బిగించినా 2010 జనవరి 1 నుంచి చట్టవిరుద్ధమే. నూటికి 0.1 పాలు దాటి సీసం ఉండకూడదు. ఐరోపా వాళ్లు ఇంకా ముందే మేలుకున్నారు. పాత వాహనాల తుక్కు గురించి 2000లో చేసిన చట్టంలోనే విడిభాగాల్లోని సీసానికి, పాదరసానికి, కాడ్మియానికి కళ్లెం వేశారు. బ్యాటరీకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. బ్యాటరీ పాడైతే తిరిగి షాపుకొస్తుంది, అందులోని సీసాన్ని మళ్లీ వాడొచ్చు. చక్రం నుంచి ఊడి రోడ్డు మీద రాలిన వెయిట్‌ను వెనక్కి తెచ్చేదెవరు?

రాలినవి ఏమవుతాయో ఒకాయన పట్టుబట్టి చూశాడు. న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ నగర వీధుల్లో రాబర్ట్ రూట్ అనే పరిశోధకుడు వాటి లెక్క తీసి 2000లో ప్రచురించాడు. ఊడిన వెయిట్లు రోడ్డంచున, మనుషులు అడుగుపెట్టే చోటే పోగవుతున్నాయట. సీసం మెత్తన. వాటి మీదుగా చక్రాలు దొర్లి దొర్లి, వారం పైచిలుకు రోజుల్లోనే సగం సీసం కంటికి కనిపించకుండా పోతోందట. ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను తమ్ముడూ. కనిపించకుండా పోవడమంటే మాయమవడం కాదు. పొడై చెప్పులకంటుకుని ఇంట్లోకి వస్తుంది, వానకు కాలవలో కలుస్తుంది. 2003 ఒక్క ఏడాదిలో అమెరికా రోడ్ల మీద ఇలా రాలిన సీసం 2,000 టన్నులు ఉంటుందని ఇక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే అంచనా కట్టింది. ఇక్కడ వీధి కాలవల మూతల దగ్గర చేప బొమ్మ వేసి, ఈ నీళ్లు అఖాతంలోకే పోతాయని రాసి ఉంటుంది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా ఆ చేపను చూస్తున్నాను.

మన చిన్నతనం గుర్తుందా? పాత వెయిట్లు డబ్బాలో వేసి, పొయ్యి మీద కరిగించి, వల అంచుకు గుండ్లు పోసేవాళ్లం. కరిగిన సీసం అద్దంలా మెరుస్తుంటే కళ్లప్పగించి చూసేవాళ్లం. అవే చేతులతో అన్నం తినేవాళ్లం. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుందనీ, ఇంతవరకైతే ఫరవాలేదు అనే మోతాదంటూ లేదనీ అప్పుడు మనకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఊరుకోలేను.

ఇనుప వెయిట్ వేస్తే బండి వణుకుతుందేమో అని నీకు అనుమానం రావచ్చు. అల్లుడుగారి కారులో హైవే మీద గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లాం. స్టీరింగ్ ఇసుమంతైనా అదరలేదు. తుప్పు పట్టకుండా పైన పూత ఉంటుంది. సీసంలా వంగదు కాబట్టి రిమ్ముకు సరిపోయే క్లిప్పు చూసి ఎంచుకోవాలి, అంతే.

ఈసారి సరుకు ఆర్డరు పెట్టేటప్పుడు ఇనుప వెయిట్లే అడుగు. తీసేసిన సీసం వెయిట్లను నేల మీద పారెయ్యనివ్వకు, మూత ఉన్న డబ్బాలో వేయించి బ్యాటరీల సీసం కొనే లైసెన్సు ఉన్న వాళ్లకే ఇవ్వు. కుర్రాళ్ల చేత అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించు. నేను వచ్చేటప్పుడు నాలుగు ఇనుప బిళ్లలు తెస్తాను, నీ అయస్కాంతం మీద పెట్టి చూద్దువుగాని.

ఇట్లు,
మీ అన్నయ్య