బెడ్‌ఫర్డ్ ఫాల్స్ ఇరుగుపొరుగు

ఏమండోయ్, బట్టలు ఆరేస్తున్నారా? ఎండ ఎక్కడికీ పోదు గానీ, ఇలా రండి, ఓ మాట. డిసెంబరొస్తే చాలు, అమెరికావాళ్ళు మళ్ళీ ఆ నలుపూ తెలుపూ సినిమాలే పెట్టుకు కూర్చుంటారు. తాతలు చూసినవే మనవలూనూ!

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' లేదూ, 1946లో ఫ్రాంక్ కాప్రా తీసింది? అందులో మంచు చూసి మీరు శాలువా కప్పుకుంటారు. తీసిందేమో మండుటెండల్లో! జేమ్స్ స్టూవర్ట్ చెమటలు కక్కుతూనే వణికాడు పాపం. ఆ మంచు సబ్బునీళ్ళూ, మంటలార్పే నురగానూ. అంతకుముందైతే కార్న్‌ఫ్లేక్స్‌కి తెల్లరంగేసి చల్లేవారు. కాలు పెడితే కరకర, ఇంక మాటలు వినబడితేగా!

'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్' వాళ్ళు ఇంకా ఘనులు. క్రిస్మస్ తాత సినిమాని 1947లో ఎండాకాలంలో వదిలారు. జనం హాళ్ళకొచ్చేది అప్పుడేనని స్టూడియో పెద్ద జానక్ గారి లెక్క.

ఆఁ, ఎక్కడున్నాం? కాప్రా సినిమా. అప్పట్లో నష్టమే వచ్చింది. 1974లో కాపీరైట్ పొడిగించడం మరిచిపోతే, ఊరికే దొరికిందని టీవీలవాళ్ళు ఏటా వేసేశారు. ఊరికే వస్తే మీరైనా చూస్తారు, కాదనను. కానీ ఇన్నేళ్ళా?

నన్నడిగితే, ఆ సినిమాలో బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే ఊళ్ళో ఇరుగుపొరుగు అలాంటిది. స్టూవర్ట్ వేసిన జార్జి, మనసుపడ్డ మేరీతో రాత్రిపూట ఏవేవో కబుర్లు చెప్తుంటే, వరండాలో ముసలాయనొకడు 'ముద్దు పెట్టుకోవేమయ్యా' అని విసుక్కుంటాడు. ఆయన్నెవరడిగారు? తరవాత ఎనిమిది వేల డాలర్లు పోయి, జార్జి వంతెన మీదికెళ్ళి చద్దామనుకునేదాకా వస్తుంది. అప్పటికి పెళ్ళామైన మేరీ ఏం చేసింది? నాలుగిళ్ళలో చెప్పింది, అంతే! ఊరంతా పాకింది. ఎందుకూ ఏమిటీ అనకుండా చేతికందింది తెచ్చి బల్లమీద పోశారు. దేవదూత దిగొచ్చాడు, నిజమే. డబ్బు తెచ్చింది మాత్రం ఊళ్ళోవాళ్ళే. పక్కింటి గొడవ మనకెందుకనుకుంటే జార్జి జైల్లో ఉండేవాడు. అదండీ, జనం ఏటేటా చూసుకునేది!

ఒక్కటే నాకు మింగుడుపడదు. ఆ డబ్బు నొక్కేసిన ఊరి ధనవంతుడు పాటర్‌కి శిక్షే లేదు! చివరిదాకా ఎవరికీ తెలియనే తెలియదు. అంతమంది ఆరాలు తీసేవాళ్ళుండీ ఇదేం చోద్యం? నేనుంటేనా, సాయంత్రంలోగా కూపీ లాగేదాన్ని.