తక్కువా, ఎక్కువా, సమానమా?

లెక్కల్లో మనం చదివే గుర్తులే కంప్యూటరులో కూడా ఉన్నాయి. కాకపోతే కొన్నిటి ముఖం మారుతుంది. గుణకారానికి * కొట్టాలి, భాగహారానికి / కొట్టాలి. సమానం కాదు అనడానికి <> అని రెండూ కలిపి కొట్టాలి. గడిలో ముందుగా = పెడితేనే అది లెక్క అని దానికి తెలుస్తుంది. ఉత్తినే 5+3 అని రాస్తే 5+3 అనే ఉంచీస్తుంది, 8 చెయ్యదు. =2+3*4 అంటే 14 వస్తుంది, 20 కాదు. గుణకారం ముందు చేస్తుంది, మన లెక్కల సారు చెప్పినట్టే. ఈ = గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ ఆయన తన పుస్తకంలో పెట్టాడంట. పక్కపక్కన పోయే రెండు గీతల కన్నా సమానమైనవి ఏముంటాయి అని ఆయన ఆలోచన.

< > మాత్రం నాకు మొదటి రోజే నచ్చాయి. మా అమ్మకు అక్షరం రాదు. అయినా సంతలో చింతపండు తూచేటప్పుడు ముల్లు ఎటు వంగిందో నాలుగడుగుల దూరం నుంచే చెప్పీగలదు. ఈ గుర్తులు చూస్తే నాకు ఆ ముల్లే గుర్తుకొస్తుంది.

దసరా సెలవుల తరువాత నర్సమ్మగారు వచ్చి అందరికీ వేలు పొడిచి రక్తం చూశారు కదా. ఆ అంకెలు కంప్యూటరులో ముందే ఎక్కించి ఉన్నాయి. మా తొమ్మిదో తరగతి పేర్లు 42. పక్క గడిలో ఎవరికి రక్తం తక్కువో తేల్చమని సారు నాకూ ఇంకో అమ్మాయికీ చెప్పారు. 12 ఏళ్ళు నిండిన ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత, 8 కంటే తక్కువైతే చాలా ప్రమాదం. అందుకని =సి2<12 అని కొట్టి కిందికి లాగాము. అవును అయితే ట్రూ, కాదు అయితే ఫాల్స్ వస్తుంది. నాది 10.4, ట్రూ. సరిగ్గా 12 ఉన్నామెకు ఫాల్స్ వచ్చింది. < బదులు <= పెట్టి ఉంటే ఆమె కూడా జాబితాలోకి వచ్చీది. ఒక్క గీత ఎంత పని చేస్తుందో చూడండి.

మా గదిలో ఒక అమ్మాయి ఉంది. నీళ్ళ బకెట్టు పట్టుకొని మెట్లు ఎక్కితే మధ్యలో కూర్చుండిపోతుంది, గుండె దడదడ అంటుంది. అందరూ బద్ధకం అనీవారు. ఆమె గడిలో 7.6 గ్రా. అని ఉంది. పక్కన ఫాల్స్. అంటే తక్కువ కాదంట!

7.6 పన్నెండు కంటే చిన్నది కాకుండా ఎలా పోతుంది? సారుని పిలిచాను. సారు చూసి చెప్పారు: అంకె పక్కన గ్రా. అని అక్షరాలు ఉంటే కంప్యూటరుకి అది అంకె కాదు, మాట. మాట ఏదైనా సరే, అంకెలన్నిటికన్నా పెద్దది అని దాని లెక్క. గుర్తుపట్టడం తేలికే. అంకె గడిలో కుడి వైపుకి ఆనుకుంటుంది, మాట ఎడమ వైపుకి. ఇంకోటి, ఖాళీ గడిని అది సున్నా అనుకుంటుంది. అందుకే ఆ రోజు రాని ముగ్గురికీ ట్రూ వచ్చీసింది. కౌంట్ అనీదానితో అంకెలు లెక్కపెడితే 37 వచ్చాయి. 42-37 అంటే 5. ఖాళీవి మూడు, గ్రా. ఉన్నవి రెండు. రెండోది 12.3, ఆమెకు భయం లేదు.

గ్రా. తీసీగానే 7.6 పక్కన ట్రూ పడింది. <8 పెట్టి చూస్తే దానికీ ట్రూ. సారు అప్పుడే హెడ్మాస్టరు గదికి పోయారు. మర్నాడు మేడంగారు ఆమెను పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. వారం వారం వేసుకునే నీలం మాత్ర చాలదంట. సికిల్ సెల్ పరీక్ష కూడా చేశారు. ఎందుకంటే < గుర్తు తక్కువ అని చెప్తుంది గాని ఎందుకు తక్కువో చెప్పదు.

ఆదివారం అమ్మ వస్తే ఇదంతా చెప్పాను. 7.6 కన్నా 12 పెద్దది కాదని కంప్యూటరు అన్నదే అమ్మా అంటే, "ఆ కాటా ఎవులిదే?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ళ ఊరిలో ఉంది. మొన్న వాళ్ళ అయ్య ఫోను చేసి మళ్ళీ రక్తం చూస్తే 9.1 వచ్చిందని చెప్పాడు. నేను ఆమె గడిలో మార్చాను. <8కి ఫాల్స్ పడింది. <12కి ఇంకా ట్రూనే ఉంది.